గుర్రం వెనక కాళ్లు

శాలువాలు కప్పించుకుని నవ్వే మొహాలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అలాంటి ఫోటో ఒకటి నకిరేకల్‌లో మా ఇంట్లోనే ఉంది. మా అమ్మ దానికి ఫ్రేము కట్టించి టీవీ పక్కన పెట్టింది. ఇంటికి వెళ్లినప్పుడల్లా నేను దాన్ని గోడవైపు తిప్పుతాను. నేను బస్సెక్కగానే ఆమె మళ్లీ ఇటు తిప్పుతుంది. అందులో నేనున్నాను, మా స్టూడియో యజమాని దివాకర్ ఉన్నాడు, కీలుగుర్రం ఆడే గాలయ్య మామ ఉన్నాడు. ఉండవలసిన మనిషి మాత్రం లేదు. ఆమె గాలయ్య మామ భార్య, గోపమ్మ. నేను చెప్పబోయేది ఆమె సంగతి. ఎవరో ఒకరు చెప్పాలి కదా. చెప్పవలసిన చోట చెప్పకుండా నోరు మూసుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని.

గోపమ్మ పుట్టింది భువనగిరిలో. తండ్రి కృష్ణయ్య రైల్వే స్టేషన్ నుంచి ఊళ్లోకి టాంగా తోలేవాడు. తల్లి తెల్లారకముందే కూలికి పోయేది కాబట్టి, పిల్లను ఒంటరిగా వదలలేక ఆయన టాంగా ముందు తన పక్కనే చెక్క పలక మీద కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. తోలేవాడి పక్కన కూర్చున్న పిల్లకు గుట్ట కనిపించదు, గుట్ట మీది కోటా కనిపించదు. గుర్రం పిరుదులు, తోక, వెనక కాళ్లు కనిపిస్తాయి. పన్నెండేళ్ల దాకా ఆమె చూసిన లోకం అదే. గుర్రం అలసితే ఏ కాలు ఈడుస్తుందో, నాడా వదులైతే ఏ కాలు తేలిగ్గా వేస్తుందో, తండ్రి కంటే ముందు ఆమే చెప్పేదట. మధ్యలో నాలుగో తరగతి దాకా బడికి కూడా పోయింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది.

ఆటోలు వచ్చాక టాంగాలు మూలపడ్డాయి. కృష్ణయ్య గుర్రాన్ని అమ్మేసి మిల్లులో బస్తాలు మోశాడు, మోసి మోసి పోయాడు. ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదు. గోపమ్మను నకిరేకల్ గాలయ్యకిచ్చారు. విధి చూడండి, గాలయ్యదీ గుర్రం పనే. కాకపోతే ఆయనది వెదురు బద్దల గుర్రం. ముందు తల, వెనక తోక, నడుమ మనిషి దిగేంత రంధ్రం, చుట్టూ కాళ్ల దాకా వేలాడే గుడ్డ. దాంట్లోకి దిగి భుజాలకు తాళ్లు తగిలించుకుని డప్పుకు ఆడతారు. పెళ్లి బరాత్‌లు, జాతరలు, ఊరేగింపులు. కీలుగుర్రం అంటే నల్లగొండ వైపు తెలియనివాళ్లు లేరు.

వాళ్లింట్లో ఒక ఆచారం ఉంది. ఆ గుర్రం మల్లన్న దేవునిదని నమ్మకం. ఆడవాళ్లు దాని గుడ్డ కుట్టవచ్చు, రంగు వేయవచ్చు, జూలు దువ్వవచ్చు, బొట్టు పెట్టి దండం పెట్టవచ్చు. లోపలికి మాత్రం దిగకూడదు. దిగితే కులపెద్దలు జుర్మానా వేస్తారు, ఆ ఇంటి గుర్రాన్ని జాతరకు రానివ్వరు. ఇలాంటి ఆచారాలు ఎవరు పెడతారో నాకు తెలియదు గానీ, పెట్టినవాడు రంగు వేసే పని, కుట్టే పని మాత్రం మర్చిపోకుండా ఆడవాళ్లకే వదిలిపెట్టాడు.

గోపమ్మ చేసే పని ఇంకోటి ఉండేది. దానికి పేరు లేదు. పెళ్లిళ్ల కాలం మొదలయ్యే ముందు వాళ్ల ఇంటి వెనక వాకిట్లో గాలయ్య గుర్రం కట్టుకుని ఆడేవాడు, ఆమె వెదురు బరిగె పట్టుకుని మెట్టు మీద కూర్చునేది. మా ఇల్లు ఆ గల్లీ మొదట్లోనే. చిన్నప్పుడు నేను వాళ్ల గోడెక్కి చూసేదాన్ని.

"ఏమయ్యో, గుర్రం గట్ల దుంకుతదా? మేకపోతు దుంకినట్టు దుంకుతున్నవ్. నడుము ఎనకకు పడేయి. ఆగినప్పుడు ఒక్క కాలు అల్కగ పెట్టు."

ఆయన విసుక్కుంటూనే చేసేవాడు. బరిగెతో పిక్క మీద ఒక్కటి పడ్డా కిక్కురుమనేవాడు కాదు. బరాత్‌లో జనం "గాలయ్యది నిజం గుర్రమే" అని చంకలు గుద్దుకుంటుంటే, ఆమె వెనక నడుస్తూ, గుడ్డ ఎవరి కాళ్ల కిందా పడకుండా తోక ఎత్తి పట్టుకునేది. మెప్పు ఆయనది, తోక ఆమెది.

రాష్ట్రం వచ్చిన కొత్తలో ఊరేగింపులకు, సంబురాలకు కళాకారులను వెతికి మరీ పిలిచారు. రెండు మూడేళ్లు బాగానే సాగింది. ఆ తర్వాత డీజే బండ్లు వచ్చి డప్పును మింగేశాయి. అప్పటికి నేను హైదరాబాద్‌లో కార్టూన్లు గీసే స్టూడియోలో చేరాను. మా స్టూడియో పిల్లల కోసం ఒక సీరియల్ మొదలుపెట్టింది. ఒక గుట్ట, గుట్ట మీద రాజు, ఆయనకు మాట వినని ఒక ఎర్ర గుర్రం. సీరియల్‌కు ప్రాణం ఆ గుర్రమే.

బొమ్మలు కదిలించే పనిలోకి వచ్చిన ప్రతివాడికీ మొదటి పాఠం గుర్రమే. నూటయాభై ఏళ్ల కింద ఒక విదేశీయుడు గుర్రం పరుగెత్తే దారి పక్కన వరసగా కెమెరాలు పెట్టి, దారికి అడ్డంగా దారాలు కట్టించాడు. గుర్రం కాలు తగిలి దారం తెగినప్పుడల్లా ఒక కెమెరా ఒక ఫోటో తీసింది. అప్పటిదాకా బొమ్మలేసేవాళ్లంతా పరుగెత్తే గుర్రానికి ముందు కాళ్లు ముందుకు, వెనక కాళ్లు వెనక్కి చాపి గాల్లో తేల్చేవారు. అది తప్పని ఆ ఫోటోలు తేల్చాయి. నాలుగు కాళ్లూ గాల్లో ఉండేది అవి చాచుకున్నప్పుడు కాదు, కడుపు కింద ముడుచుకున్నప్పుడు. ఆ ఫోటోలను వేగంగా తిప్పితే గుర్రం పరుగెత్తింది. సినిమా పుట్టుకకు దారి వేసినవాటిలో అదొకటని మాకు చెప్పారు.

మా దగ్గరున్న ఆ పాత ఫోటోల్లో నడక ఉంది, పరుగు ఉంది. మొండికేయడం లేదు, జడుసుకోవడం లేదు, గుట్ట ఎక్కడం లేదు. దివాకర్ ఒక బరాత్ గుర్రాన్ని కిరాయికి తెప్పించాడు. అది నిలబడ్డ చోటే గజ్జెలు మోగించుకుంటూ ఆడటం తప్ప ఇంకేమీ చేయలేదు. పుట్టినప్పటి నుంచి దానికి నేర్పింది అదే, పాపం. అప్పుడు నేను గాలయ్య మామ పేరు చెప్పాను. ఆయన కాళ్లను వీడియో తీసి, ఒక్కో బొమ్మ మీదా మనిషి కాళ్ల చోట గుర్రం కాళ్లు గీయాలని మా ఆలోచన.

2018 ఆషాఢంలో నకిరేకల్‌లో ఒక ఫంక్షన్ హాలు తీసుకున్నాం. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కనుక హాలూ ఖాళీ, గాలయ్యా ఖాళీ. మొదటి రోజు పొద్దున ల్యాప్‌టాప్‌లో ఆ పాత ఫోటోలు తిప్పి ఆయనకు చూపిస్తున్నాను. సద్దిగిన్నె పట్టుకుని గోపమ్మ వెనక నిలబడి చూస్తోంది.

"గీడ ఆపు బిడ్డా," అంది ఉన్నట్టుండి.

ఆపాను. నాలుగు కాళ్లూ గాల్లో ఉన్న ఫోటో అది.

"ఇప్పుడు మొదలు ఏ కాలు కిందికి పడ్తది, చెప్పు."

"ముందు కాలే కదా ఆంటీ," అన్నాడు దివాకర్.

ఆమె నవ్వింది. "ఎనక కాలు. కావల్నంటె సూస్కో."

మీట నొక్కాను. వెనక కాలే పడింది. వారం రోజులుగా ఆ ఫోటోలను గీస్తున్న నాకు కూడా అడగ్గానే జవాబు తోచలేదు.

"ముందు కాళ్లు తొవ్వ సూస్తయి. బండి గుంజేది ఎనక కాళ్లే. మా బాపు టాంగాల కూసోని నేను ఇంకేం సూసిన?" అని ఆమె సద్దిగిన్నె బల్ల మీద పెట్టేసి వెళ్లి గోడ దగ్గర కూర్చుంది.

మొదట గాలయ్య ముందు కాళ్లు చేశాడు. అద్భుతంగా చేశాడు, ఆ మాట దాచను. తర్వాత వెనక కాళ్లు కూడా ఆయన్నే చేయమన్నాం. అక్కడ తేలిపోయింది. పదిసార్లు తీశాం, పదిసార్లూ వెనక ఒక మనిషి నడిచి వస్తున్నట్టే ఉంది. పదకొండోసారికి గోపమ్మకు ఓపిక పోయింది.

"గది గుర్రమా? తాగొచ్చినోడు గోడ పట్టుకోని నడిసినట్టున్నది. మడమ ఆనిచ్చి నడుస్తున్నవ్. గుర్రం మడమ నేలకు ఆన్తదానయ్యా?"

లేచి వచ్చి, చీర పైకి దోపి గోచి పోసింది. రెండు వెదురు గడలు తెప్పించి ఒక కొస ఆయన భుజాల మీద, ఇంకో కొస తన భుజాల మీద పెట్టుకుంది. మునివేళ్ల మీద లేచింది. "నడువు," అంది.

గుర్రం నడిచింది. చెబితే నమ్మరు, ఖాళీ ఫంక్షన్ హాల్లో రెండు గడల మధ్య గుర్రం నడిచింది. గుర్రం వెనక కాలు మధ్యలో వెనక్కి వంగినట్టు కనిపించే కీలు మోకాలు కాదు, అది మడమ. మాకు ఈ సంగతి ఫీజు కట్టించుకుని చెప్పారు. ఆమెకు టాంగా పలక చెప్పింది. కదలిక కెమెరాలో స్పష్టంగా పడేందుకు ఆమె మడమల మీద తెల్ల స్టిక్కర్లు నా చేతుల్తోనే అంటించాను.

మూడు రోజులు తీశాం. మొండికేసింది, జడిసింది, కుర్చీలు పేర్చి గుట్ట చేస్తే దాన్నీ ఎక్కింది. షాట్ మొదలైతే మడమ దించేది కాదు. రెండో రోజుకు పిక్కలు బిగుసుకుని రాళ్లయ్యాయి, మూడో రోజు వేళ్ల కింద చర్మం చిట్లి నున్నటి బండల మీద ఎర్రటి మరకలు పడ్డాయి. దివాకర్ ఆ మరకలు కెమెరాలో పడుతున్నాయని తుడిపించాడు. మూడు రోజులూ ఆమెను ఆంటీ అనే పిలిచాడు. పేరు అడగలేదు.

ఆఖరి రోజు కాగితాలు రాసుకున్నాం. రాసింది నేనే. గోపమ్మ బయట నల్లా దగ్గర బకెట్‌లో వేడినీళ్లు పోసుకుని కాళ్లు పెట్టుకుంది. లోపల నేను, దివాకర్, గాలయ్య.

"ఆమె పేరు రాయకు బిడ్డా," అన్నాడు గాలయ్య, గొంతు తగ్గించి. "మా కులపెద్ద జంగయ్య తాతకు ఎర్కైతె జుర్మాన ఏస్తడు. దేవుని గుర్రం ఆడిదాయె కట్టిందంటరు. జాతరకు రానియ్యరు."

"గుర్రం ఎక్కడుంది మామా? రెండు గడలే కదా."

"గడలే గని, కాళ్లు గుర్రంయే గదా."

నేను దివాకర్ వైపు చూశాను. "ఒక్క పేరుంటే మనకూ తేలిక. ఒక్క సంతకంతో పోతుంది. రాసేయ్," అన్నాడతను.

రాసేశాను. గుర్రం నాలుగు కాళ్లూ, అన్ని కదలికలూ, గాలయ్య. భయం ఆయనది, బద్ధకం దివాకర్‌ది, చేతిరాత నాది. ఎవరి తప్పు ఎంతని ఎవరైనా అడిగితే, కలం పట్టినవాళ్లదే ఎక్కువంటాను. బయటికి వచ్చేసరికి ఆమె కాళ్లు తుడుచుకుంటోంది.

"బిడ్డా, టీవీల ఆఖర్న పేర్లేస్తరట గదా. నాది గూడ ఏస్తరా?"

"వేస్తారత్తా."

"టాంగా కృష్ణయ్య బిడ్డ గోపమ్మ అని ఎయ్యిమను జర. మా బాపు పేరు ఏ కాయిదంల లేదు. గీడన్న ఉంటది."

సరేనన్నాను. సిరా ఆరకముందే అన్నాను.

తర్వాతి ఏడు సీరియల్ టీవీలో వచ్చింది, ప్రతి ఆదివారం పొద్దున. పిల్లలు ఆ ఎర్ర గుర్రం కోసం పిచ్చెత్తిపోయారు. మొదటి ఆదివారం నేను నకిరేకల్‌లోనే ఉన్నాను. గోపమ్మ టీవీ ముందు కూర్చుని చూసింది. తన మడమలు అక్కడ గిట్టల పైన కదులుతుంటే గుర్తుపట్టి తొడ చరుచుకుంది. ఆఖర్న పేర్లు పరుగెత్తాయి. ఆమె పెదాలు కదిలాయి. గుర్రం: గాలయ్య. తర్వాత సంగీతం వాళ్ల పేర్లు, రంగులు వేసినవాళ్ల పేర్లు, టీ తెచ్చినవాడి పేరు కూడా. ఆ తర్వాత వాషింగ్ పౌడర్.

"నాది రాలే," అంది.

"అన్నీ ఒక్కసారే రావత్తా."

ఆ అబద్ధం నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. దాన్ని పట్టుకుని ఆమె ఇరవై ఆరు ఆదివారాలు కూర్చుంది. వరి నాటుకు పిలిస్తే పోలేదు, చుట్టాలింట్లో పెళ్లయితే మధ్యాహ్నానికి పోయింది. పక్కనే ఉన్న గాలయ్య ఇరవై ఆరుసార్లు ఆమె పేర్లు చదవడం చూశాడు, ఇరవై ఆరుసార్లు బీడీ ముట్టించుకోవడానికి బయటికి పోయాడు. ఆఖరి భాగం అయిపోయిన రోజు ఆమె మా అమ్మ ఫోన్‌తో నాకు ఫోన్ చేసింది. అప్పుడు చెప్పాను, ఆ కాగితం సంగతి. విని, "మంచిది," అని పెట్టేసింది.

ఆ ఏడు నుంచి ఆమె వాకిట్లో బరిగె పట్టుకోలేదు. తోకా పట్టుకోలేదు. గాలయ్య గుర్రం కట్టి బయల్దేరుతుంటే తలుపేసుకునేది. బరాత్‌లో గుడ్డ జనం కాళ్ల కింద పడి రెండుసార్లు చిరిగింది, ఆయనే వంకరటింకరగా కుట్టుకున్నాడు. అంతలో కరోనా వచ్చి పెళ్లిళ్లే ఆగిపోయాయి.

2022లో ఊళ్లో యువజన సంఘం వాళ్లు గాలయ్యకు సన్మానం పెట్టారు. అదే ఫంక్షన్ హాలు. వేదిక మీద గాలయ్య, దివాకర్, నేను, కులపెద్ద జంగయ్య. గోపమ్మ మూడో వరసలో ప్లాస్టిక్ కుర్చీలో. శాలువాలు కప్పారు, ఫోటో తీశారు. మా ఇంట్లో ఉన్నది ఆ ఫోటోనే. ఒక్కసారి గుర్రం నడక చూపించమని జనం అరిచారు. గాలయ్య వెదురు గడలు ఎత్తుకున్నాడు. వెనక కాళ్లకు సంఘం కార్యదర్శి నరసింహ ఉత్సాహంగా వచ్చి నిలబడ్డాడు. నాలుగడుగులు వేసేసరికి గడలు జారి ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. హాలంతా నవ్వు.

గోపమ్మ లేచింది. దండ వేయడానికి వస్తోందనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆమె మెట్లెక్కి వచ్చి మైకు ముందు నిలబడింది.

"ఏమయ్యా, ఉరికే గుర్రానిది ముందుగాల కిందికి పడే కాలేది?"

గాలయ్య గడలు ఏరుకుంటూ ఆగిపోయాడు. "ఎనక కాలు," అన్నాడు మెల్లగా.

"టీవీల గుర్రానికి గా ఎనక కాళ్లు ఎవలియి?"

జంగయ్య చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని గాలయ్యనే చూస్తున్నాడు. గాలయ్య ఆయన్ను చూశాడు, భార్యను చూశాడు, నేల చూశాడు. ముప్పయ్యేళ్లు ఆమె బరిగె కింద ఆట నేర్చుకున్న మనిషి. మళ్లీ వంగి గడలు ఏరుకున్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. "సుహాసినీ, నువ్వన్న చెప్పు బిడ్డా. నువ్వే గదా స్టిక్కర్లు అంటిచ్చింది."

పక్కన దివాకర్ ఉన్నాడు, నా ఉద్యోగం ఉంది, భుజం మీద కొత్త శాలువా ఉంది. శాలువా అంచు సర్దుకున్నాను. వేరే పాపం చేసి ఉంటే ఏదో ఒక సాకు చెప్పుకునేదాన్ని, దీనికి సాకు లేదు. నరసింహ మైకు అందుకుని, "గాలయ్య గారి సతీమణికి కూడా ధన్యవాదాలు," అన్నాడు. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. ఆమె దిగి, కుర్చీల మధ్య నుంచి నడిచి బయటికి వెళ్లిపోయింది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తిడుతుందనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను కూడా. పొయ్యి మీద చారు కలుపుతూ, తల తిప్పకుండా, "నువ్వు సదువుకున్నవ్ గద బిడ్డా," అంది. అంతే.

నిరుడు అదే కథకు రెండో సీరియల్ మొదలైంది. ఈసారి చేత్తో గీసే బొమ్మలు కావు, కంప్యూటర్ బొమ్మ. పాత కదలికలు దానికి అతకవు, అంతా మళ్లీ మొదటి నుంచి తీయాలి. దివాకర్ నన్నే పంపాడు. గోపమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. విషయం చెప్పాను.

"పేరు ముందు, కాళ్లు తర్వాత," అంది చాట ఆపకుండా. "కాయిదం మీద రాయించుకొని రా. టాంగా కృష్ణయ్య బిడ్డ గోపమ్మ. గప్పుడు మడమలు లేపుత."

స్టూడియోకు తిరిగొచ్చి దివాకర్‌తో చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు. పాత కాగితంలో నాలుగు కాళ్లూ గాలయ్యవేనని ఉందట, ఇప్పుడు ఆమె పేరు వేస్తే అది అబద్ధమని మనమే ఒప్పుకున్నట్టవుతుందట. "అబద్ధమే కదా!" అని అరిచాను. ఐదేళ్లు ఆలస్యంగా, తలుపు మూసిన గదిలో, వినవలసినవాళ్లెవరూ లేని చోట అరిచాను. అతను నీళ్ల గ్లాసు నా ముందుకు జరిపాడు. "గాలయ్యతోనే వెనక కాళ్లు కూడా చేయించు. పిల్లలకేం తెలుస్తుంది?"

గాలయ్య చేశాడు. అరవై దాటిన మనిషి, మునివేళ్ల మీద ఒక్క నిమిషం కూడా నిలవలేడు. మడమలు దబదబా ఆనించి నడిచాడు. నేను వాటిని సరిచేయగలను. ఒక్కో బొమ్మా తీసుకుని మడమ పైకి లేపితే వారం పది రోజుల పని. ఆ పని నేను చేయలేదు. ఉన్నది ఉన్నట్టు గుర్రానికి అతికించాను. దివాకర్ తెర మీద చూసి, "సూపర్," అన్నాడు.

మొదటి భాగం వచ్చిన ఆదివారం నకిరేకల్ వెళ్లాను. గోపమ్మ ఇంట్లోనే, ముగ్గురం నా ఫోన్‌లో చూశాం. ఆమె మంచం మీద, నేను కింద, గాలయ్య గడప దగ్గర. కొత్త గుర్రం మెరిసిపోతోంది. జూలులో ఒక్కో వెంట్రుకా కనిపిస్తోంది. అది గుట్ట దిగి వచ్చింది. ముందు నుంచి చూస్తే రాజుగారి గుర్రం. వెనక మాత్రం బజారుకు పోతున్న ముసలాయన.

గోపమ్మ ఆఖరి దాకా చూసింది. పేర్లు మొదలయ్యాయి. గాలయ్య అలవాటు ప్రకారం బీడీ కోసం జేబు తడుముకుంటూ లేచాడు.

"కూసో," అంది ఆమె.

ఆయన కూర్చున్నాడు. ఆమె ఫోన్ దగ్గరికి లాక్కుని, వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ గట్టిగా చదివింది. "గు... ర్రం. గా... ల... య్య."

ఫోన్ నా చేతికిచ్చేసింది.

"ఇప్పుడు సరిగ్గ రాసిండ్రు బిడ్డా," అంది. "నాలుగు కాళ్లు ఆయినెయే."